లాగయ్య వెలిగించిన తెర

ఆ పెద్దాసుపత్రిలో ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప మరెక్కడా వినిపించదు. అందరికీ ఆయన లాగయ్యే. కంప్యూటరు తనకు ఏ క్షణాన ఏమైందో వరసగా రాసిపెట్టుకునే చిట్టాను లాగ్ అంటారు. ఏ గదినుంచి ఎవరు ఫోన్ చేసి కంప్యూటరు మొరాయించిందని చెప్పినా, పలకరింపు కూడా లేకుండా "లాగు చూశారా?" అని అడగడం ఆయన అలవాటు. ఒక రోజు నర్సుల గదిలో ఫోను స్పీకరులో ఉండగా ఆ ప్రశ్న గది మొత్తానికీ వినిపించింది. ఎవరి లాగు, ఎందుకు చూడాలో తెలియక నర్సులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. పేరు ఆ రోజే అతుక్కుంది. సంగతి తెలిసినా ఆయనకు కోపం రాలేదు. కోపం తెచ్చుకోవాలంటే ఎదుటివాళ్ళు తనకు కాస్తో కూస్తో సమానంగా ఉండాలి కదా అని ఆయన ఉద్దేశం.

ఇరవై మూడేళ్ళుగా ఆసుపత్రి కంప్యూటర్ల మంచిచెడ్డలన్నీ ఆయనవే. మెట్ల కింద, విరిగిన మంచాలు పడేసే కొట్టు పక్కన, కిటికీ లేని గది ఆయనది. బల్ల మీద నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు. బొమ్మలూ గిమ్మలూ ఏమీ ఉండవు. ఆయన లెక్కలో మనుషులు రెండే రకాలు. నల్లతెర మీద అక్షరాలు కొట్టి కంప్యూటరు చేత పని చేయించేవాళ్ళు ఒక రకం. మౌసు పట్టుకుని బొమ్మల మీద టిక్కుటిక్కుమని నొక్కుతూ అదే పని అనుకునేవాళ్ళు రెండో రకం. ఆరంతస్తుల ఆ భవనంలో మొదటి రకం మనిషి తానొక్కడే.

మిగిలినవాళ్ళ గురించి ఆయన దగ్గర ఎవరి చిట్టా వాళ్ళకుండేది. సూపరింటెండెంటు వచ్చిన ప్రతి ఈమెయిలూ అచ్చు తీయించుకుని, దాని మీద పెన్నుతో జవాబు రాసి, మళ్ళీ ఎవరి చేతనో టైపు చేయించే మహానుభావుడు. డాక్టర్లు మానిటరును కంప్యూటరంటారు, కంప్యూటరును డబ్బా అంటారు. గుమస్తాలందరికీ ఒకటే మాట వచ్చు: "నేనేం నొక్కలేదండీ." లోకంలో ఇంతకు మించిన అబద్ధం లేదని లాగయ్య గట్టి నమ్మకం. మూడు నెలలకోసారి బయటి కంపెనీ నుంచి టై కట్టుకుని వచ్చే కన్సల్టెంటు సంగతి చెప్పనే అక్కర్లేదు. అతడు ప్రతి జబ్బుకూ ఒకటే మందు చెప్పేవాడు, పాతది పారేసి కొత్తది కొనమని. ఆ టై మెడకు బదులు నోటికి కట్టుకుంటే లోకానికి మేలని లాగయ్య అతని ముందే అన్నాడు ఒకసారి.

ఇంట్లోనూ అదే వరస. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో భార్య కుట్టుమిషను. ఆవిడ ఆ వీధిలో సగంమందికి బట్టలు కుట్టిపెడుతుంది. సాయంత్రం ఆయన ఇల్లు చేరేసరికి నేల నిండా కత్తిరింపులు ఉంటాయి. చెప్పులు విడిచి, వాటి మీదినుంచి ముక్కు చిట్లించుకుంటూ దాటి, "ఈ పీలికల కొట్టు ఎప్పుడు ఎత్తేస్తావు?" అనేవాడు. ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉండేది కాబట్టి జవాబు వచ్చేది కాదు. సూదులు లేనప్పుడు కూడా రాదని ఆయన ఎన్నడూ గమనించలేదు.

ఆవిడ అన్నకూతురు అదే ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియను. ఇంట్లో "మామయ్యా" అనీ, ఆసుపత్రిలో "సార్" అనీ పిలిచేది. మూడేళ్ళ కిందట ఉద్యోగంలో చేరిన రోజున ఆయన ఇచ్చిన దీవెన ఒక్కటే. "మీటలు నొక్కే ఉద్యోగం. నీకు సరిపోతుందిలే."

కథ మొదలైంది ఒక సోమవారం పొద్దున.

ఎక్స్‌రేలు చదివే గదిలో రెండు నిలువు మానిటర్లు పక్కపక్కన ఉంటాయి. మామూలు మానిటర్లు కావవి. ఎముకలో వెంట్రుకంత గీత పడినా కనిపించేంత దగ్గరదగ్గరగా చుక్కలు కూర్చి చేసినవి. ఎడమ దాని మీద కొత్త ఎక్స్‌రే, కుడి దాని మీద అదే రోగి పాతది పెట్టుకుని పెద్ద డాక్టరమ్మ పోల్చి చూసుకుంటుంది. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఆవిడది. పొద్దుటినుంచి సాయంత్రం వరకు అరవై దాకా ఎక్స్‌రేలు ఆవిడ కళ్ళ ముందునుంచి పోతాయి. ఆ సోమవారం ఎడమ మానిటరు చచ్చిపోయింది. స్టోరులోంచి కొత్తది తెచ్చి తగిలిస్తే వెలగలేదు. నల్లగా, మొండిగా కూర్చుంది.

ఆ రోజు కర్మకాలి కన్సల్టెంటు ఆసుపత్రిలోనే ఉన్నాడు. వచ్చి, చేతులు కట్టుకుని చూసి, లైనక్స్ మీద నడిచే ఈ కంప్యూటరు ముసలిదైపోయిందనీ, మొత్తం మార్చక తప్పదనీ, ఆ మూడు వారాలూ ఎక్స్‌రేలు వేరే ఆసుపత్రికి పంపి చదివించుకోవచ్చనీ సూపరింటెండెంటుకు చెప్పాడు. సూపరింటెండెంటు తల ఆడించాడు. ఎవరు చివర మాట్లాడితే వాళ్ళకు తల ఆడించడం ఆయన పరిపాలన.

లాగయ్య ఎవరినీ పలకరించకుండా లోపలికి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కుడి తెర మీద బొమ్మలన్నీ మూసేసి నల్లతెర తెరిచాడు. లాగ్ తీశాడు. వందల వరసలు పైకి పాకాయి. వెనక నిలబడ్డ ముగ్గురికీ అవి చీమల బారులు. ఆయనకు సొంత భాష.

ప్రతి మానిటరూ తగిలించగానే తీగ గుండా కంప్యూటరుకు తనను తాను పరిచయం చేసుకుంటుంది, నేను ఫలానా, నాలో నిలువునా ఇన్ని చుక్కలు, అడ్డంగా ఇన్ని అని. ఆ పరిచయం అందితే మిగతా ఏర్పాటు కంప్యూటరే చూసుకుంటుంది. కొత్త మానిటరు నుంచి పరిచయం రాలేదని లాగ్ చెప్పింది. లాగయ్య పెదవి విరిచాడు. "మూగ సరుకు కొన్నారు" అన్నాడు, కొన్నది ఎవరో తెలిసే, సూపరింటెండెంటు వైపు చూడకుండా.

నిజానికి కారణం ఆయన చేతిలోదే. పొద్దున తగిలించేటప్పుడు కొత్త మానిటరు తీగ పొట్టిదై పక్క బీరువాలో ఉన్న కంప్యూటరు దాకా అందకపోతే, తన గది సొరుగులోంచి ఒక పాత అతుకుముక్క తెచ్చి మధ్యలో కలిపాడు. ఆ ముక్క గుండా తక్కువ చుక్కల బొమ్మ పోతుంది గానీ పరిచయం వెనక్కి రాదు. ఆ సంగతి ఆయనకు తట్టలేదు. తన సొరుగులో చెడ్డ వస్తువు ఉంటుందన్న ఊహే ఆయనకు లేదు.

మానిటరు నోరు విప్పకపోతే కంప్యూటరుకు మనమే చెప్పవచ్చు. అన్ని కొలతలూ ఒక ఫైలులో చేత్తో రాసిపెడితే అది వాటినే నమ్ముతుంది. ఆ విద్య ఇప్పుడు మరిచిపోయినవాళ్ళే ఎక్కువ. లాగయ్య మరిచిపోలేదు. చకచకా రాశాడు. ముందు పూర్తి చుక్కలు రాసి చూశాడు. నలుపు. కొంచెం తగ్గించాడు. నలుపే. అడ్డంగా వెయ్యీ ఇరవై నాలుగు, నిలువునా పన్నెండు వందల ఎనభై అని రాసేసరికి తెర ఒక్కసారి రెప్పలార్పి వెలిగింది. ఎవరిదో మోకాలి ఎముక తెల్లగా ప్రత్యక్షమైంది.

మూడు వారాల పని నలభై నిమిషాల్లో ముగిసింది. లాగయ్య లేచి, కన్సల్టెంటు టైని చివరినుంచి ముడి దాకా తాపీగా చూసి, "ఇంకేం, పారేద్దామా?" అన్నాడు. డాక్టరమ్మ నవ్వేసింది. కన్సల్టెంటు మొహం కందగడ్డలా అయింది. ఆ మొహాన్ని తలుచుకుంటూ లాగయ్య ఆ పూట రెండు టీలు తాగాడు.

ఆ తెరలో ఉన్న చుక్కల్లో సగం కూడా వాడుకలోకి రాలేదని ఆయనకు తెలుసు. భోజనం అయ్యాక వచ్చి సరిచేద్దామనుకున్నాడు. భోజనం తర్వాత ఆ సంగతి కన్నా కన్సల్టెంటును ఎలా కడిగేశాడో మందుల స్టోరువాళ్ళకు చెప్పడం ముఖ్యమనిపించింది. మర్నాటికి తెర వెలుగుతూనే ఉంది. వెలిగే తెర దగ్గరికి మళ్ళీ వెళ్ళడం ఆయన స్థాయికి తగిన పని కాదు.

రెండో రోజు మేనకోడలు ఫోన్ చేసింది. ఎడమ తెర మీద అక్షరాలకు నూగు పట్టినట్టుందనీ, ఒకసారి వచ్చి చూడమనీ అడిగింది. లాగు చూశావా అన్నాడు ఆయన. చూడటం తనకు రాదంది. రానప్పుడు నూగు గురించి మాట్లాడకూడదని చెప్పి ఫోన్ పెట్టేశాడు. నాలుగో రోజున పెద్ద డాక్టరమ్మ వరండాలో ఎదురై, మెత్తగా, ఆ తెర చూస్తుంటే సాయంత్రానికి కళ్ళు పీకుతున్నాయంది. మాట నెమ్మది మనిషి. ఇంకొకరైతే ఆ నెమ్మదికే కరిగేవారు.

"వయసు మేడమ్. కళ్ళజోడు మార్పించుకోండి" అన్నాడు లాగయ్య.

డాక్టరమ్మ ఆయన మాట నమ్మింది. సెలవు పెట్టి వెళ్ళి, కళ్ళు పరీక్ష చేయించుకుని, కొత్త అద్దాలు పెట్టుకుని వచ్చింది.

ఆ మర్నాడే లాగయ్య భార్య మెట్ల మీద జారింది. ఎవరో కడిగి తుడవకుండా వదిలేసిన మెట్లు. బట్టల మూట ఒక చేత పట్టుకుని దిగుతూ, కాలు జారి, కుడిచెయ్యి నేలకు ఆనించి పడింది. మణికట్టు బొటనవేలి వైపు వాచింది. మేనకోడలే ఆసుపత్రికి తీసుకెళ్ళి, తనే ఎక్స్‌రే తీసింది. పెద్ద డాక్టరమ్మ కొత్త కళ్ళజోడుతో ఎడమ తెర మీద చూసి, విరగలేదు, బెణికింది, పట్టీ కట్టుకుంటే పోతుందని రాసింది.

"ఏమీ లేదట. ఊరికే కంగారు పడ్డారు" అని ఆ సాయంత్రం లాగయ్య తీర్పు చెప్పాడు.

ఏమీ లేని చేతికి నొప్పి ఉండకూడదు. ఆవిడకేమో ఉంది. కత్తెర పట్టుకుంటే బొటనవేలి మొదట్లో సూదులు దిగేవి. గిన్నె ఎత్తితే జారిపోయేది. తడిబట్టలు పిండలేక, ఒక కొస తలుపు గడియకు కట్టి, ఎడమచేత్తో మెలిపెట్టేది. లాగయ్య అది చూసి, తెర మీద చూసి తేల్చిన విషయాన్ని కూడా నమ్మని మనుషులతో కాపురం చేస్తున్నానని విసుక్కునేవాడు. నాలుగు రోజులు పోయాక ఆవిడ నొప్పి మాట ఎత్తడం మానేసింది. తగ్గిందనుకుని ఆయన సంతోషించాడు. తను చెప్పిందే జరిగినందుకు ఆ సంతోషం.

పదో రోజు మధ్యాహ్నం మేనకోడలు డ్యూటీ అయ్యాక అత్తను చూడటానికి వచ్చింది. అత్త ఎడమచేత్తో గుడ్డ కత్తిరించడం నేర్చుకుంటూ ఉంది. గుడ్డ అంచు ఎలుక కొరికినట్టుంది. మేనకోడలు ఆవిడ కుడిచెయ్యి అందుకుని, బొటనవేలి కింద గుంటలో వేలితో మెల్లగా నొక్కింది. అత్త అరవలేదు. కళ్ళు మూసుకుంది. కనుకొలకుల్లోంచి నీళ్ళు వాటంతటవే కారాయి.

మర్నాడు పొద్దున డాక్టర్లు ఇంకా రాకముందే ఆ అమ్మాయి చదివే గదిలోకి వెళ్ళింది. అత్త ఎక్స్‌రే తెరిచింది. ఎడమ తెర మీద బొటనవేలి కిందున్న చిట్టి ఎముక నున్నగా, నిండుగా ఉంది. ఎందుకో మౌసుతో పట్టి ఆ బొమ్మను కుడి తెర మీదికి లాగింది. అదే ఎముక నడుముకు అడ్డంగా దారప్పోగంత నల్లగీత. మళ్ళీ ఎడమకు లాగింది. గీత లేదు. కుడికి. ఉంది. అలా ఎన్నిసార్లు లాగిందో. ఆ తర్వాత మెట్ల కింది గదికి ఫోన్ చేసి, లాగు చూడలేదనీ, చూడబోననీ, ఉన్నపళంగా పైకి రమ్మనీ చెప్పింది.

ఆ గొంతుకు లాగయ్యకు ఒళ్ళు మండింది. మీటలు నొక్కేవాళ్ళు తనను రమ్మనడమేమిటని గొణుక్కుంటూనే మూడంతస్తులు ఎక్కాడు. గదిలో అడుగు పెడుతూనే, "ఎవరు ముట్టుకున్నారు దీన్ని?" అన్నాడు.

"మీరే మామయ్యా" అంది మేనకోడలు. ఆసుపత్రిలో సార్ అనకపోవడం అదే మొదటిసారి. "ఇది అత్త చెయ్యి. ఇటు చూడండి. ఇప్పుడు అటు చూడండి."

ఆయన చూశాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. ఎముకల సంగతి ఆయనకు తెలియదు గానీ గీత కనిపించడానికి డాక్టరు చదువు అక్కర్లేదు. నల్లతెర తెరిచి, ఎడమ మానిటరు ఎన్ని చుక్కలతో నడుస్తోందని అడిగాడు. వెయ్యీ ఇరవై నాలుగు, పన్నెండు వందల ఎనభై అని జవాబు వచ్చింది. తను రాసిన అంకెలే. ఫైలు తెరిస్తే పైన తేదీతో సహా తన పేరు. లేని చుక్కల చోట కంప్యూటరు పక్క చుక్కలనే పులిమి సరిపెట్టింది. ఆ పులుములో గీత కలిసిపోయింది.

లాగ్ మళ్ళీ మొదటినుంచి చదివాడు. ఈసారి నెమ్మదిగా, అక్షరం అక్షరం. బీరువా వెనక్కి చెయ్యి పెట్టి, అతుకుముక్క ఊడబీకాడు. బల్లను జానెడు బీరువా వైపు జరిపితే పొట్టి తీగ నేరుగా అందింది. ఆ రోజు బల్ల జరపాలని ఎవరికీ తోచలేదు. తను రాసిన ఫైలు తీసేసి, తెరను మళ్ళీ మొదలుపెట్టాడు. మూగదన్న మానిటరు బుద్ధిగా తన పరిచయం తను చేసుకుంది. నిండా చుక్కలతో వెలిగింది. ఎడమ తెర మీద భార్య చేతి ఎముకలో గీత స్పష్టంగా నిలబడింది. మొత్తం కలిపి మూడు నిమిషాల పని.

"ఎన్ని రోజులైంది సార్ మీరు దీన్ని పెట్టి?" అని అడిగింది మేనకోడలు.

"పందొమ్మిది."

"రోజుకు అరవై ఎక్స్‌రేలు."

ఆయన తల అప్పటికే వేరే పనిలో ఉంది. ఏమని చెప్పాలి? సోమవారానికి ముందు శుక్రవారం మిషనుకు ఒక అప్‌డేట్ వచ్చింది. ఆ నోటీసు అన్ని గదులకూ వెళ్ళింది. అప్‌డేట్ కారణంగా తెర అమరికలో స్వల్ప మార్పు ఏర్పడినట్టు గుర్తించడమైనది. వాక్యం దానంతటదే తయారైంది. ఎవరు చేశారన్న ప్రసక్తే లేకుండా, నున్నగా, గుండ్రంగా. ఈ భవనంలో దాన్ని కాదనగల చదువు ఎవరికీ లేదు. కన్సల్టెంటుకు అసలే లేదు.

ఇంతలో పెద్ద డాక్టరమ్మ వచ్చింది. మేనకోడలు ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, ఎడమ తెర చూపించింది. డాక్టరమ్మ చూసింది. తన సంతకంతో ఉన్న పదకొండు రోజుల కిందటి నివేదిక చూసింది. మళ్ళీ తెర చూసింది. విషయం మేనకోడలు నాలుగు మాటల్లో చెప్పింది. డాక్టరమ్మ కొత్త కళ్ళజోడు తీసి, మడిచి, బల్ల మీద పెట్టింది.

"అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట" అంది, అంతే నెమ్మదిగా.

ఆ మాటలో తిట్టుంటే లాగయ్య తిరిగి తిట్టగలిగేవాడు. లేదు. ఆవిడ పాత కళ్ళజోడు సంచిలోంచి తీసి పెట్టుకుని, పందొమ్మిది రోజుల ఎక్స్‌రేలు మొదటినుంచి వరసగా తెరవమని మేనకోడలికి చెప్పింది.

మధ్యాహ్నం సూపరింటెండెంటు పిలిపించాడు. తలుపు వేసి, కుర్చీ చూపించి, టీ తెప్పించాడు. ఇరవై మూడేళ్ళలో ఆ గదిలో లాగయ్యకు టీ ఇచ్చినవాళ్ళు లేరు. ఇలాంటివి జరుగుతూ ఉంటాయనీ, డాక్టరమ్మ ఎలాగూ మళ్ళీ చూస్తోంది కాబట్టి అవసరమైనవాళ్ళను మామూలు తనిఖీకి అన్నట్టు పిలిపించవచ్చనీ, కాగితం మీద పెద్దగా పెట్టనక్కర్లేదనీ అన్నాడు. అద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, ఒక చీటీ తీసి చదివాడు.

"అప్‌డేట్ కారణంగా తెర అమరికలో స్వల్ప మార్పు ఏర్పడినట్టు గుర్తించడమైనది. ఇంతే రాద్దాం. ఎవరి పేరూ ఉండదు. ఏమంటారు?"

లాగయ్య టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. ఈమెయిలు అచ్చు తీయించుకునే ఈ మనిషి, మానిటరుకూ కంప్యూటరుకూ తేడా తెలియని ఈ మనిషి, ఏ చదువూ లేకుండానే, పొద్దున తను వండిన వాక్యాన్నే అక్షరం పొల్లుపోకుండా వండుకొచ్చాడు. అంటే ఆ వాక్యం వండటానికి తెలివి అక్కర్లేదన్నమాట. ఇరవై మూడేళ్ళుగా ఆ ఎదుటి కుర్చీలోని మనిషిని ఆయన ఎంత చులకనగా చూశాడో అంత చులకనా అద్దంలోంచి తిరిగి వచ్చినట్టు మొహాన కొట్టింది. జీవితంలో ఆయనకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. ఎవరి మీద అంటే చెప్పలేడు.

"అబద్ధమండీ అది. అప్‌డేట్ ఏం చేయలేదు. ఫైలు నేను రాశాను. అతుకుముక్క నేను పెట్టాను. రెండుసార్లు చెప్పినా వచ్చి చూడలేదు. అలాగే రాస్తాను" అన్నాడు.

సూపరింటెండెంటు నచ్చజెప్పాడు, ఆ తర్వాత గదమాయించాడు. చివరికి ఆసుపత్రి పరువు అన్నాడు. లాగయ్య తన గదికి పోయి, రెండు పేజీలు టైపు చేసి, నాలుగు ప్రతులు తీసి, పెద్ద డాక్టరమ్మకు ఒకటీ, పై అధికారులకు రెండూ నేరుగా పంపి, మిగిలిన ఒక్కటీ సూపరింటెండెంటు బల్ల మీద పెట్టాడు. అచ్చు తీసే శ్రమ తప్పిందని ఆ పెట్టేటప్పుడు అనకుండా ఉండలేకపోయాడు. మనిషి మారిపోయాడని ఎవరైనా అనుకుంటే కాదనడానికి ఆ మాట చాలు.

డాక్టరమ్మకు ఆ ఎక్స్‌రేలన్నీ తిరిగి చదవడానికి వారం పట్టింది. మళ్ళీ పిలవాల్సినవాళ్ళు లాగయ్య భార్య కాక అయిదుగురు తేలారు. నలుగురు ఫోనుకు పలికారు, వచ్చారు. అయిదోవాడు లారీల్లో బస్తాలు ఎత్తే కూలీ. పాదంలో సన్నటి చీలిక. అతడు ఇచ్చిన నంబరు పనిచేయడం లేదు. చిరునామా పట్టుకుని లాగయ్యే వెళ్ళాడు. ఆ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్ళున్నారు. వాళ్ళు చెప్పిన గోదాముకు వెళ్ళాడు. కుంటుతున్నాడని పనిలోంచి తీసేశామనీ, ఎటు పోయాడో తెలియదనీ అక్కడి మేస్త్రీ చెప్పాడు. లాగయ్య ఇంకో రెండు ఆదివారాలు గోదాముల వీధులన్నీ తిరిగాడు. దొరకలేదు. ఆ పేరు పక్కన జాబితాలో గీత పెట్టకుండా అలాగే వదిలేశాడు.

ఇంట్లో భార్యకు బొటనవేలితో సహా మోచేతి దాకా సిమెంటు కట్టు. ఎముక రెండుగా చీలి పదకొండు రోజులు కదలడంతో మామూలుగా అయ్యేదానికి రెట్టింపు కాలం పడుతుందన్నారు. జరిగినదంతా ఆయన ఆవిడకు నిలబడే చెప్పాడు, చెప్పులు కూడా విడవకుండా. ఆవిడ విన్నది.

"పదకొండు రోజులు నేను దొంగనొప్పి పడుతున్నానన్నారు" అంది చివరికి. "తెర చెప్పింది నమ్మారు. ఆ తెరకు చెప్పింది మీరేనట. ఇక నేనేం మాట్లాడతాను?"

ఆయన అప్పుడు చెప్పులు విడిచాడు. ఇన్నేళ్ళుగా తన ప్రశ్నలకు ఆవిడ ఎందుకు జవాబు చెప్పలేదో ఆ పూట ఆయనకు తెలిసొచ్చింది.

ఒప్పుకున్న పనులు ఆగవు కాబట్టి కత్తిరింపు ఆయన మీద పడింది. ఆవిడ స్టూలు మీద కూర్చుని సుద్దగీత ఎక్కడుందో చూపిస్తే, ఆయన నేల మీద మోకాళ్ళేసి కత్తెర ఆడించాలి. మొదటి రోజు ఒక చొక్కాకు రెండు కుడిచేతులు కత్తిరించాడు. ఆవిడ ఆ రెంటినీ పైకెత్తి, వెలుతురులో పెట్టి, చాలాసేపు చూసింది.

"ఇరవై మూడేళ్ళు ఉద్యోగం చేశారు. గీత మీద కత్తెర నడపడం రాదు. ఆసుపత్రిలో మిమ్మల్ని ఎలా భరించారో" అంది. ఆ గొంతులోని వెటకారం ఎక్కడో విన్నట్టే అనిపించింది ఆయనకు. కొత్త ముక్క పరిచి, మళ్ళీ కత్తిరించాడు.

విచారణ అయింది. ఎక్స్‌రే విభాగంలో అడుగు పెట్టకూడదని ఉత్తరువు వచ్చింది. ఆ మిషన్ల బాధ్యత కన్సల్టెంటు కంపెనీకి పోయింది. అతడు వచ్చి అన్నీ పారేసి కొత్తవి కొనిపించాడు. సూపరింటెండెంటు తల ఆడించాడు. లాగయ్యను కింది అంతస్తులో, రోగుల వరస నంబర్లు చూపించే పన్నెండు బోర్డుల మీద వేశారు. ఆ పనికి తన తెలివిలో పదోవంతు చాలునని ఆయన అందరికీ చెబుతాడు. అది నిజమే.

ఒక పొద్దున నాలుగో నంబరు కౌంటరు గుమస్తా ఫోన్ చేసింది. బోర్డు మీద అంకెలు వెలిసిపోయినట్టున్నాయట. తనేం నొక్కలేదట. లాగయ్య పళ్ళు నూరుతూ రిసీవరు పెట్టేసి, నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళాడు. బోర్డుకు ఏమీ కాలేదు. ఎదుటి కిటికీలోంచి ఎండ సూటిగా దాని మీద పడుతోంది. పరదా లాగి దిగాడు. అంకెలు ఎర్రగా నిగనిగలాడాయి. పరదాకూ బోర్డుకూ తేడా తెలియని వెధవలకు కౌంటర్లు అప్పగించారని నిచ్చెనతో తన గది దాకా గొణుక్కుంటూనే పోయాడు. మర్నాడు అదే వేళకు అదే గుమస్తా మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి అంకెలు వణుకుతున్నాయట. ఆయన ఆవిడ ఏడు తరాలనూ మనసులో కడిగేశాడు. నిచ్చెన తీసుకుని బయల్దేరాడు.